నాలుగింట ఒకటి తెల్లది

టమాటా నారు పోసి జీతం తీసుకున్నానంటే మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. మా నాన్న ఇచ్ఛాపురం నుంచి జంషెడ్‌పూర్ వచ్చి కొలిమి దగ్గర చెమటోడ్చాడు. మా అన్నయ్య మిల్లులో చేరాడు. నేను మాత్రం ఇనుము ఊళ్ళో పుట్టి ఇనుము ముట్టుకోకుండా, ఒక కంపెనీ కాలనీ నర్సరీలో ఉద్యోగ జీవితమంతా మట్టి పిసికి రిటైరయ్యాను. ఏ కంపెనీ అని అడక్కండి. ఊళ్ళో చిన్నా పెద్దా చాలా ఉన్నాయి, అందులో ఇదొకటి.

పని చెప్పుకోవడానికి తేలికే. వానలు తగ్గుముఖం పట్టగానే నారు పోయాలి. దసరా దాటాక క్వార్టర్లకు పంచాలి. చలికాలంలో ఫ్లవర్ షో పెట్టి, ఎవరి చేమంతి పెద్దదో, ఎవరి టమాటా బరువైనదో తేల్చాలి. మిల్లు ఒక పూట ఆగిపోతే నింపాదిగా టీ తాగే పెద్ద ఇంజనీర్లు, తమ టమాటాకి రెండో బహుమతి వస్తే మూడు రోజులు భోజనం మానేసేవారు. వాళ్ళ మధ్య బతికి బయటపడటమే అసలు ఉద్యోగం. మొక్కలు పెంచడం దానికి తోక.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను, నాకు వచ్చినవే తక్కువ. ఎరువుల మోతాదు ప్యాకెట్ మీద ఉంటుంది. ప్యాకెట్ మీద ఉండని సంగతులు కొన్ని చెబుతాను.

మూడాకుల మోజు

టమాటా గింజ మొలిస్తే ముందు రెండు సన్నటి ఆకులు విచ్చుకుంటాయి. అందరికీ తెలిసిందే. కానీ ఏటేటా వేలకు వేలు నారు పోసేవాడికి వింతలు కూడా కనబడతాయి. ఒకదానికి రెండింటికి బదులు మూడాకులు వస్తాయి. ఒకదానికి రెండూ అతుక్కుపోయి దోసిలిలా ఉంటాయి. ఇంకొకటి ఉంటుంది, రెండాకులూ బాగానే ఉంటాయి గానీ మధ్యలో చిగురు ఉండదు. రిటైరయ్యాక కూడా ఆఫీసుకి వచ్చి కూర్చునే పెద్దమనిషిలా అలాగే నిలబడి ఉంటుంది, పెరగదు, పోదు.

చేరిన కొత్తలో నాకు మూడాకుల మొలకలంటే పిచ్చి. బీయెస్సీ చదివినవాణ్ణి, కొత్త రకం కనిపెట్టేస్తానని నమ్మకం. నలభై మొలకలు ఏరి, విడిగా కుండీల్లో పెట్టి, వాటికి నా చేత్తో నీళ్ళు పోశాను. మా ఆవిడతో పేపర్లో ఫోటో వస్తుందని కూడా చెప్పాను. నారు మడుల దగ్గర పనిచేసే అప్పలనరసమ్మ ఇదంతా చూస్తూ ఊరుకుంది. నెల తిరిగేసరికి ఆ నలభైకీ మామూలు ఆకులు వచ్చి, పక్కనున్న మామూలు మొక్కల్లో కలిసిపోయాయి. ఏది ఏదో నాకే తెలియలేదు. కాయలు కూడా మామూలువే.

"మూడు సెవులున్నోడికి ఎక్కువ ఇనబడతాదేటి బాబూ" అంది నరసమ్మ.

ఈ అప్పలనరసమ్మ గురించి ముందే చెప్పాలి. నాకంటే ఐదారేళ్ళు పెద్దది. బొబ్బిలి వైపు మనిషి. బిర్సానగర్‌లో ఉంటూ, కంట్రాక్టరు ఏడాదికోసారి రాయించే గేట్ పాస్ మీద నర్సరీకి వచ్చేది. ఆ పాస్ ఉంటే పని ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆమెకి చదువు రాదు. నాకు వచ్చు. నారు సంగతి మాత్రం మా ఇద్దరిలో ఆమెకే వచ్చు. ట్రేలో ఒక్కో గుంటలో ఒక్కో గింజ చొప్పున, వేలి కొసతో, చూడకుండా వేసేది. ఆమె వేసిన ట్రేలో ఖాళీ గుంట కనబడితే గింజ పుచ్చిందని అర్థం, ఆమె మరిచిపోయిందని కాదు.

గేజి

నేను చూసిన సాబ్‌లలో మిశ్రా సాబ్ అందరికంటే చురుకైనవాడు. అదే ఆయనతో వచ్చిన కష్టం. మిల్లులో ఎవరితోనో పడక ఆయన్ని తోటల మీదికి వేశారు. తోటల మీదికి వేయడమంటే మా కంపెనీలో ఆఫీసర్ని ఎండబెట్టడమే. ఆయన మాత్రం ఎండిపోవడానికి ఒప్పుకోలేదు. మిల్లు పద్ధతులన్నీ నర్సరీకి తెచ్చాడు.

ముందుగా మెషిన్ షాపులో ఒక ఇనుప గేజి చేయించాడు. పలకలాంటిది, దానికి రెండు గాట్లు. మొలక కింది గాటుకంటే పొట్టిదైతే రిజెక్టు, పై గాటు దాటితే రిజెక్టు. రోజూ ఒక ట్రే కొలిచి ఆయనకి చెప్పాలి. పొద్దున్న కొలిస్తే నారంతా పాసయ్యేది. మధ్యాహ్నం ఎండకి మొలకలు తలలు వాల్చేసేవి కాబట్టి సగం ఫెయిలయ్యేవి. సాయంత్రం నీళ్ళు పోశాక మళ్ళీ పాస్. మధ్యాహ్నం షిఫ్టులోనే ఎందుకు నాణ్యత పడిపోతోందని ఆయన నన్ను గట్టిగా నిలదీశాడు. మా దగ్గర షిఫ్టులు లేవని చెప్పాను. అదే లోపమన్నాడు.

మీరు నవ్వుతారు, నేనూ నవ్వాను, ఇంటికి వెళ్ళాక. ఆయన ఎదుట మాత్రం "జీ సర్" అన్నాను. ఈ నర్సరీలో నేను అన్నిటికంటే ఎక్కువగా పండించిన పంట అదే.

మాలతి ప్రైడ్

మిశ్రా సాబ్ భార్య మాలతి గారు నెమ్మదైన మనిషి. బంగళా వెనక పెరట్లో సొంతంగా టమాటా పెంచేది. ఆ ఏడు షోకి ఒక పండు పంపింది. నిజం చెప్పాలంటే మంచి పండే. గుండ్రంగా, ఎర్రగా, చేతిలో పట్టనంత. మొదటి బహుమతి దానికే ఇచ్చాను. జడ్జిని నేనే. అది రెండో బహుమతి పండే అయినా మొదటిదే ఇచ్చేవాణ్ణి, కానీ అదృష్టవశాత్తూ ఆ పాపం చేయాల్సిన అవసరం రాలేదు.

సాబ్ అక్కడితో ఆగలేదు. ఆ ఒక్క మొక్క కాయలన్నిటి గింజలూ తీయించాడు. దానికి 'మాలతి ప్రైడ్' అని పేరు పెట్టాడు. వచ్చే ఏడు కాలనీలో ప్రతి క్వార్టర్‌కీ ఈ నారే ఇవ్వాలన్నాడు. మాలతి గారు సిగ్గుపడి వద్దందట. సాబ్ వినలేదు.

ఒకే ఒక్క మొక్క గింజల మీద కాలనీ మొత్తాన్ని నిలబెట్టకూడదు, ముందు ఒక ట్రే పోసి చూడాలి. నర్సరీ పనిలో మొదటి పాఠం ఇది. నాకు తెలుసు. నారు పోసే వేళకి చెప్పబోయాను కూడా. ఆ పూట విశ్వకర్మ పూజ. ఈ ఊళ్ళో ఆ రోజు యంత్రమున్న ప్రతిచోటా పూజే. మేము కూడా నీళ్ళ మోటారుకీ, మందు కొట్టే పంపుకీ బొట్లు పెట్టి, దండలు వేసేవాళ్ళం. సాబ్ వచ్చి, గేజి పక్కన గింజల పొట్లం పెట్టి, దానికి కూడా హారతి ఇప్పించాడు. కొబ్బరికాయ కొట్టి, లడ్డూలు పంచాక ఇక ఆ గింజల మీద సందేహం అంటే దేవుడి మీద సందేహమే. లడ్డూ తిని ఊరుకున్నాను.

మర్నాడు సాబ్ గింజలు తనే లెక్కపెట్టి ఇచ్చాడు. గుంటకొకటి. నరసమ్మ రెండు రోజుల్లో వేసేసింది.

పీకేసిన మొలకలు

ఆరో రోజు పొద్దున్న నేను గేటు దాటుతుండగానే నరసమ్మ ఎదురొచ్చింది.

"బాబూ, ఒకపాలి ఇటు రా. పాలలో ముంచి తీసినట్టున్నాయి, ఈటిని సూడు."

చూశాను. పచ్చటి మొలకల మధ్య అక్కడక్కడ తెల్లటివి. పసుపు కాదు, లేతాకుపచ్చ కాదు, అచ్చంగా తెలుపు. చూడ్డానికి అందంగా కూడా ఉన్నాయి. మూడు ట్రేలు లెక్కపెట్టాను. దాదాపు నాలుగింట ఒకటి. అంచుల్లోనూ అంతే, మధ్యలోనూ అంతే. పక్కనే కొన్న గింజల నారుంది, అదే నీళ్ళు, అదే కొబ్బరి పొట్టు, అదే నీడ. అందులో ఒక్కటి కూడా తెల్లది లేదు.

ఇక్కడ ఆగి మీరు నేర్చుకోవాల్సింది ఒకటుంది. నీళ్ళు ఎక్కువైనా, తెగులు తగిలినా నారు ఒక మూల నుంచి మొదలుపెట్టి మచ్చలు మచ్చలుగా పోతుంది. ఇలా అన్ని ట్రేలలో ఒకే వంతున, సమంగా చెదిరి కనబడితే అది పోసినవాళ్ళ తప్పు కాదు. తల్లిమొక్కలోనే ఉంది. మొక్క పచ్చరంగు తయారుచేసుకోవడానికి రెండు వంతుల సరుకు ఉంటుంది, ఒకటి తల్లి వైపుది, ఒకటి తండ్రి వైపుది. ఒకటి చెడినా రెండోది పని కానిచ్చేస్తుంది, మొక్క పచ్చగానే ఉంటుంది, బహుమతి కూడా కొడుతుంది. దాని గింజల్లో మాత్రం నాలుగింట ఒకదానికి రెండు వంతులూ చెడ్డవే వస్తాయి. అది తెల్లగా మొలుస్తుంది. గింజలో మోసుకొచ్చిన తిండి ఉన్నన్నాళ్ళు, అంటే ఓ వారం పది రోజులు నిలబడి, తర్వాత చచ్చిపోతుంది. దాన్ని ఎవరూ కాపాడలేరు.

ఆ తెల్ల మొలకల విషయంలో నేను రెండు పనులు చేశాను. ఒకటి మంచిది, అప్పటికప్పుడే జేబులోంచి ఫోన్ తీసి ట్రేలకి నాలుగు ఫోటోలు తీశాను. రెండోది ఇంకాసేపట్లో చెబుతాను.

"ఏటైనాది ఈటికి? నీళ్ళేటైనా తేడా సేసినానా నాను?" అని అడిగింది నరసమ్మ. ఆమె భయం నాకు అర్థమైంది. సాబ్ గింజలు, సాబ్ పేరు, చివర్లో దొరికేది పాస్ మీద పనిచేసే మనిషే.

"నీ తప్పేటీ లేదు నరసమ్మా. గింజలోనే ఉన్నాది" అన్నాను.

"అలగైతే ఇయ్యాలే సెప్పీ బాబూ సాబ్‌కి."

సమయం చూసి చెబుతానన్నాను. సమయం చూడటంలో నన్ను మించినవాడు కాలనీలో లేడు. ఆ పూట సాబ్ మూడ్ బాగాలేదు. మర్నాడు మూడ్ బాగుంది, దాన్ని పాడుచేయడం దేనికనిపించింది. మూడో రోజు ఆయన తన పై ఆఫీసరు పెద్ద సాబ్‌ని వెంటబెట్టుకుని నారు చూపించడానికి వస్తున్నాడని కబురొచ్చింది. రెండో పని అప్పుడు చేశాను. నరసమ్మని పిలిచి, వాళ్ళు వచ్చేలోపు తెల్లవన్నీ పీకేయమన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. గంటన్నరలో వేలి కొసలతో ఒక్కొక్కటీ పీకి, తట్టలో వేసి, ఎరువు గుంటలో కలిపేసింది.

పెద్ద సాబ్ వచ్చి చూశాడు. మిగిలిన నారు పచ్చగా నిగనిగలాడుతోంది. ఆయన మెచ్చుకుని, వెళుతూ వెళుతూ ఒక్క మాటన్నాడట, ట్రేలలో చాలా గుంటలు ఖాళీగా ఉన్నాయేమని.

ఐదు ఎందుకులు

మిశ్రా సాబ్ ట్రేలు లెక్కపెట్టించాడు. నాలుగింట ఒక గుంట ఖాళీ. గింజలు తనే లెక్కపెట్టి ఇచ్చాడు కాబట్టి, ఆయన బుర్రకి ఒకే ఒక్క సంగతి తట్టింది, పావు వంతు గింజలు బయటికి వెళ్ళిపోయాయని. కమిటీ వేశాడు. ఆయన అధ్యక్షుడు, సెక్యూరిటీ ఆఫీసర్ ఒకరు, పర్సనెల్ ఆఫీసర్ ఒకరు, నర్సరీ తరపున నేను.

మిల్లులో ఒక పద్ధతుంది. ఏదైనా చెడితే 'ఎందుకు' అని ఐదుసార్లు అడిగితే మూలకారణం దొరుకుతుందంటారు. మంచి పద్ధతే, ఐదుసార్లూ అడిగితే. గుంటలు ఎందుకు ఖాళీ? మొక్క లేదు కనక. మొక్క ఎందుకు లేదు? గింజ లేదు కనక. గింజ ఎందుకు లేదు? వేయలేదు కనక. ఎందుకు వేయలేదు? తీసుకుపోయింది కనక. నాలుగుతోనే మనిషి దొరికేసింది. ఐదోది అడిగే ఓపిక ఎవరికీ లేదు, టీ కూడా వచ్చింది. గింజలు ఎక్కడి నుంచి వచ్చాయి అనే ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాలేదు. తప్పు తల్లిమొక్కది కాబట్టి ఆ ప్రశ్న నేరుగా సాబ్ పెరట్లోకి నడుస్తుందని, నాకు తప్ప ఎవరికీ తెలియదు కూడా.

నరసమ్మని పిలిచారు. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని వచ్చి నిలబడింది. కుర్చీ ఎవరూ చూపించలేదు. నేనూ చూపించలేదు.

"సఫేద్ నికలా థా సాబ్. బాబు బోలే, హమ్ ఉఖాడ్ దియే" అంది. తెల్లగా వచ్చాయి, బాబు చెప్పారు, నేను పీకేశాను, అంతే. మొత్తం నిజం మూడు ముక్కల్లో చెప్పేసింది.

అందరూ నా వైపు చూశారు. ఫోన్ నా చొక్కా జేబులో ఉంది. నాలుగు ఫోటోలు అందులో ఉన్నాయి. తీసి బల్ల మీద పెడితే అయిపోయేది. కానీ పెడితే తర్వాతి ప్రశ్న నాకు: తెలిసినవాడివి మొదటి రోజే ఎందుకు చెప్పలేదు, సాక్ష్యం ఎందుకు పీకించావు. దాని తర్వాతి ప్రశ్న ఇంకా కష్టమైంది: అంటే మా ఆవిడ టమాటా చెడ్డదంటావా.

"బలహీనంగా ఉన్నవి తీసేయమన్నాను సర్. కొద్దిగానే ఉన్నాయి" అన్నాను.

ఆ మాటలో ఒక్క అక్షరం కూడా పూర్తి అబద్ధం కాదని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. మీరు కూడా ఉద్యోగంలో ఇలాంటి మాటలు నేర్చుకుంటారు. అవి అబద్ధాలకంటే చెడ్డవి, ఎందుకంటే వాటిని మనమే నమ్మేస్తాం. నరసమ్మ నన్ను ఒక్క క్షణం చూసి తల తిప్పుకుంది. ఆ చూపులో కోపం కూడా లేదు. తక్కువ రకం గింజ అరచేతిలోకి వచ్చినప్పుడు అలాగే చూసేది.

మర్నాడు ఆమె గేట్ పాస్ ఆగిపోయింది. గేటు దగ్గర రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా చోరీ అని రాశారు.

కుండీల్లో

పది రోజులకి మాలతి గారు బంగళాకి రమ్మని కబురు పెట్టింది. ఆమె కూడా ఆ గింజలే కొన్ని దాచుకుని వరండాలో కుండీల్లో వేసుకుంది. వెళ్ళి చూస్తే మొలకల్లో కొన్ని తెల్లవి. అప్పటికే ఒకటి రెండు వాలిపోతున్నాయి.

మల్లెమొగ్గల్లా ముద్దుగా ఉన్నాయి, ఎందుకిలా చచ్చిపోతున్నాయని హిందీలో అడిగింది. నీళ్ళు తనే పోస్తున్నానంది. ఆమెకి భయపడాల్సిన పని నాకు లేదు కాబట్టి నిజం తేలిగ్గా వచ్చింది. తల్లిమొక్క సంగతీ, నాలుగో వంతు సంగతీ అంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, కుండీల్లో తెల్లవి లెక్కపెట్టి, "అయితే ఆ పనిమనిషి గింజలు తియ్యలేదన్నమాట" అంది. నేను చెప్పకుండానే ఐదో 'ఎందుకు' ఆమె అడిగేసింది. అందుకు కమిటీ అక్కర్లేకపోయింది.

ఆవిడ ఇంట్లో ఏమందో తెలియదు. రెండు రోజులకి సాబ్ నన్ను పిలిచాడు. మొహం నా వైపు తిప్పకుండా మాట్లాడాడు. చోరీ మాట తీసేద్దాం, ఆ మనిషిని మళ్ళీ పనిలో పెట్టుకుందాం, కానీ కమిటీ ఊరికే వేశామని అనిపించుకోకూడదు కదా అన్నాడు. పొరపాటున గింజలు తక్కువ వేశానని ఆమె ఒక కాగితం మీద ఒప్పుకుంటే చాలన్నాడు. కాగితం హిందీలో టైపు చేయించి సిద్ధంగా పెట్టాడు. వేలిముద్ర వేయించుకు రావడానికి నన్నే పంపాడు, తెలుగువాణ్ణి కదా, నచ్చజెబుతానని.

చోరీ కంటే పొరపాటు నయం కదా అని దారంతా నాకు నేనే నచ్చజెప్పుకుంటూ వెళ్ళాను.

బిర్సానగర్‌లో

నరసమ్మ ఇంటి ముందు చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేచి, లోపల్నుంచి కుర్చీ తెప్పించింది. కోడలు టీ తెచ్చింది. పాస్ ఆగాక ఆ ఇంట్లో పాలు ఎలా వచ్చాయో నేను అడగలేదు. స్టాంపు ప్యాడ్ నా జేబులోంచి తీసి చాప అంచున పెట్టాను.

"సదువు బాబూ, ఏటి రాసినారో."

చదివాను. తెలుగులో చెప్పాను. పొరపాటున గింజలు తక్కువ వేశాననీ, మన్నించమనీ, ఇకపై జాగ్రత్తగా ఉంటాననీ.

"నాను తక్కువ ఏసినానా?"

"లేదు."

"ఆ సంగతి నీకెప్పుడు తెలిసినాది?"

"మొదటి రోజే తెలుసు."

ఆమె చింతపండు పక్కకి జరిపి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది. బొటనవేలు ప్యాడ్ మీద అద్దింది కూడా. అద్ది, అలాగే గాలిలో పట్టుకుంది.

"అలగైతే కింద ఆ ముక్క రాసి నీ సంతకం ఎట్టు బాబూ. పైన నాను ఏలిముద్ర ఏత్తాను. నాది అబద్ధం, నీది నిజం. రెండూ ఒక కాయితం మీదే ఉండనీ."

"నా ఉద్యోగం పోతాది నరసమ్మా."

"నాది పోనాది గదా."

అరవలేదు, ఏడవలేదు. ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. నిజానికి నా ఉద్యోగం పోయేది కాదు. మహా అయితే రోడ్డు పక్క చెట్లకి సున్నం కొట్టించే పని మీదికి పంపేవారు, రెండేళ్ళ తర్వాత అందరూ మరిచిపోయేవారు. అది అప్పుడు కూడా నాకు తెలుసు. ఇంటి అప్పు, పిల్ల ఫీజులు గుర్తుచేసుకున్నాను. అవి ఆమెకీ ఉంటాయని గుర్తుచేసుకోలేదు. పెన్ను జేబులోనే ఉంది. తీయలేదు.

ఆమె వేలికున్న సిరా చాపకి రాసేసింది. టీ చల్లారిపోతోంది తాగమంది. తాగాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

వెనక్కి వచ్చి, ఒప్పుకోలేదని సాబ్‌కి చెప్పాను. అది కూడా నేను చెప్పిన నిజాల్లో ఒకటి. సాబ్ కాగితం సొరుగులో పడేశాడు. చోరీ అలాగే ఉండిపోయింది. మాలతి ప్రైడ్‌ని మళ్ళీ పోయలేదు. ఆ రకానికి ఇక్కడి నీళ్ళు పడలేదని రిపోర్టులో సాకు రాసి, కొత్త ట్యాంకు కట్టించారు. ఆ ట్యాంకు మంచిదే, ఇప్పటికీ వాడుతున్నారు. ఏడాది తిరక్కుండా సాబ్‌ని మళ్ళీ మిల్లుకి పిలిచారు. గేజి మా షెడ్డులో కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టాం, ఆ పనికి బాగా కుదిరింది.

ఇప్పుడు

నరసమ్మ బిర్సానగర్ బజార్లో గోనెసంచి పరుచుకుని నారు అమ్ముతుంది. టమాటా, వంకాయ, మిరప. చాలా ఏళ్ళు నేను ఆ రోడ్డున వెళ్ళడం మానేశాను. ఆమె కోడలు మొన్న నర్సరీలో పనికోసం వెళితే, గేటు దగ్గర రిజిస్టరు తిరగేసి, అత్త పేరు చూసి వెనక్కి పంపేశారట. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి వాళ్ళ బస్తీదే, ఆమె ద్వారా తెలిసింది. ఆ రోజు కూర్చుని ఇదంతా రాశాను. పైన మీరు చదివిన ప్రతి ముక్కా.

రాసింది తీసుకుని ఆదివారం పొద్దున్న బజారుకి వెళ్ళాను. గోనెసంచి పక్కన ఇటుక మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. మధ్యలో ఇద్దరు ముగ్గురు నారు కొనడానికి వస్తే ఆగి, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ చదివాను. గేజి దగ్గర నవ్వింది. కమిటీ దగ్గర నవ్వలేదు. ఫోటోల సంగతి ఆమెకి అప్పటిదాకా తెలియదు. అక్కడ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"జేబులోనే ఉన్నాయా బాబూ?"

ఉన్నాయన్నాను. కాసేపు నారు కట్టలు సర్దుకుంది. తర్వాత చదవమంది. పూర్తయ్యాక ఇలా అడిగింది.

"ఇదెవులికి ఇత్తావు బాబూ ఇప్పుడు? ఆ సాబ్ లేడు. ఆ కమిటీ వోళ్ళు లేరు. నువ్వూ లేవు. ఆ ఆపీసులో ఎవులున్నారు?"

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకి అన్నాను. ఆ మాటకి అర్థం ఇంటికి వచ్చాక తట్టింది. ఆ ఆఫీసులో ఇప్పుడు మీరున్నారు. నా కుర్చీలో మీలో ఒకరు కూర్చుంటున్నారు, గేటు రిజిస్టరు తెప్పించి చూసే హక్కు ఆ కుర్చీకి ఉంది, నాకూ ఉండేది. అందుకని ఈ కాగితం మీకిస్తున్నాను. మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు, ఈ నాలుగు ముక్కలు చదివి ఆ రిజిస్టరులో మాట కొట్టేయించండి.

అప్పలనరసమ్మ గింజలు తీయలేదు. గుంటకొకటి చొప్పున అన్నీ వేసింది. నాలుగింట ఒకటి తెల్లగా మొలిస్తే నేను పీకించాను. తప్పు గింజలో ఉందని నాకు మొదటి రోజే తెలుసు.

సంతకం: కోరాడ సింహాచలం